తేదీతో సహా చెప్పిన సాక్ష్యం

ఎలియాజర్ మా ఇంటి వెనక గదిలో దాదాపు ఐదేళ్ళు ఉన్నాడు. సిడ్నీలో క్వేకర్స్ హిల్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. ఇల్లు మాది కాదు, మేమూ అద్దెకున్నవాళ్ళమే. నేను అప్పట్లో యూనివర్సిటీలో మొక్కల వేళ్ళ మీద రీసెర్చి చేస్తున్నాను. మా ఆయన డేనీ గోడౌన్‌లో పనిచేసేవాడు. ఎలియాజర్ 2014 ఫిబ్రవరిలో చీరాల నుంచి నర్సింగ్ డిగ్రీ చదవడానికి వచ్చాడు. పెట్టె కింద పెట్టగానే అతను చేసిన మొదటి పని మేం పరిచిన దుప్పటి తీసేసి మళ్ళీ పరుచుకోవడం. నాలుగు మూలలూ కవరు మడిచినట్టు మడిచి పరుపు కిందికి తోశాడు. నేను పట్టుకుని లాగినా రాలేదు.

"ఎవరు నేర్పారయ్యా నీకిది?" అన్నాను.

"మా అమ్మ. ముప్పై ఏళ్ళ నర్సు. పక్క ముడతలు పడితే పేషెంటు ఏమీ అనడు గానీ అక్కా, మా వీపు మీద మాత్రం వాతలు పడేయి."

ఆ డిసెంబర్ రెండున మా పాప హెలెనా పుట్టింది. నేను కణజాలం గురించి చదువుకున్నదాన్ని. పసిపిల్లను పట్టుకోవడం రాదు. నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదోనని గడియారం పక్కన పెట్టుకుని నిమిషానికి ఎన్నిసార్లు ఛాతీ లేస్తోందో లెక్కపెట్టేదాన్ని. ఎలియాజర్ కాలేజీలో నేర్చుకున్నట్టు చతురస్రం గుడ్డను మూలగా మడిచి, పాపను అందులో పెట్టి, రెండు మడతల్లో చుట్టేసేవాడు. చేతుల్లో కంగారు ఉండేది కాదు. పాప ఏడుపు మానేసేది. "నీ చెయ్యి వణుకుతోందక్కా, అది పాపకి తెలిసిపోద్ది," అనేవాడు నవ్వుతూ. పద్దెనిమిది రోజులు అలా చుట్టాడు. పందొమ్మిదో రోజు నుంచి చుట్టలేకపోయాడు.

మా తెలుగు ఫెలోషిప్, అంటే ఇక్కడి తెలుగు క్రైస్తవుల ప్రార్థన కూటం, ఆదివారం మధ్యాహ్నాలు ఒక స్కూలు హాల్లో జరిగేది. దాదాపు అందరమూ కోస్తా జిల్లాల వాళ్ళమే. అందులో కొత్తగా వచ్చిన ప్రతి విద్యార్థికీ ఒక దుప్పటి, ఒక ఆవకాయ సీసా ఇచ్చి, మెడ మీద ఒక చరుపు చరిచే మనిషి అమృతం ఆంటీ. నర్సాపురం ఆవిడ. ఇంటి వెనక కారు షెడ్డును లైసెన్సుతో వంటశాలగా మార్చి కేటరింగ్ నడిపేది. శనివారాలు ఆ వంటశాలలో ఏ నలుగురు విద్యార్థులకైనా అన్నం ఉండేది. "ఏరా ఎలియా, ఏంటలా ఎండిపోతన్నావు? మీ అమ్మకి ఫొటో పంపితే నన్ను తిడద్ది. కూచో, తిను," అనేది.

ఆ వంటశాలకూ పెరడుకూ మధ్య అద్దం తలుపు ఉండేది. డిసెంబర్ మొదట్లో దానికి మూల నుంచి మూలకు పగులు వచ్చింది. ఆంటీ అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపు అడ్డంగా అంటించి, "క్రిస్మస్ ఆర్డర్లవగానే మార్పిస్తా, కాస్త చూసుకుని నెట్టండి," అంది. అందరూ చూసుకునే నెట్టారు. డిసెంబర్ ఇరవై, శనివారం. ఫెలోషిప్ క్రిస్మస్ విందుకు బిర్యానీ వండటానికి ఐదారుగురు విద్యార్థులు వెళ్ళారు. అది జీతానికి చేసే పని కాదు. దాన్ని మేం సేవ అంటాం. ఎలియాజర్ రెండు చేతులతో బియ్యం వార్చిన గిన్నె పట్టుకుని, తలుపును కుడి మోచేత్తో నెట్టాడు. టేపు ఊడింది. పగిలిన అద్దం మోచేతి లోపలి వైపు దిగింది.

అక్కడ చర్మం కిందే ఒక నరం ఉంటుంది. మోచెయ్యి దేనికైనా తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమనేది అదే. అది పూర్తిగా తెగింది. మర్నాడు ఆసుపత్రిలో దాని రెండు కొసలూ కలిపి కుట్టారు.

జనవరిలో అతను ఇంటికొచ్చాక చూశాను. ఉంగరం వేలు, చిటికెన వేలు లోపలికి వంగి ఉన్నాయి. ఆ రెండు వేళ్ళకూ వేడి, చల్లన తెలియడం లేదు. "గుచ్చక్కా," అని పిన్నీసు నా చేతికిచ్చి మొహం పక్కకు తిప్పుకున్నాడు. గుచ్చాను. "ఎప్పుడు గుచ్చుతావు?" అన్నాడు. అప్పటికే గుచ్చి తీశాను.

ఓదార్చడం నాకు చేతకాదు. చదవడం చేతనవును. కుట్టిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మళ్ళీ పెరుగుతుందని చదివాను. పాప బరువు చూసే క్లినిక్‌లో నర్సు ఇచ్చిన కాగితం టేపు ఉంది. దాంతో మోచేతి కుట్టు దగ్గర్నుంచి చిటికెన వేలి కొసదాకా కొలిచాను. ముప్పై ఆరు సెంటీమీటర్లు. మూడు వందల అరవై రోజులు, మొదట్లో కొసలు అతుక్కోవడానికి ఒక నెల. "వచ్చే జనవరి ఆఖరుకి నీ వేలు నీకు తెలుస్తుంది," అని ఫ్రిజ్ మీద తేదీ రాసి అంటించాను. చర్మం మీద వేలితో తడుతూ పోతే నరం ఎక్కడిదాకా పెరిగిందో అక్కడ జివ్వుమంటుంది. నెలకోసారి అలా తట్టి, బాల్‌పెన్నుతో చుక్కపెట్టి, కొలిచి, పాప పొడుగు రాసే నీలం పుస్తకం చివరి పేజీలో అతని కొలత కూడా రాసేదాన్ని. ఫిబ్రవరికి రెండున్నర సెంటీమీటర్లు, మార్చికి ఐదు. పాప పెరుగుతోంది, నరం పెరుగుతోంది. అంతా లెక్క ప్రకారం నడుస్తోందనుకున్నాను.

మార్చిలో ఆసుపత్రి డాక్టరు మాత్రం వేరేగా చెప్పాడు. గాయం చాలా పైన తగిలింది, నరం వేళ్ళదాకా వచ్చేసరికి అక్కడి కండరాలు చచ్చిపోవచ్చు, పూర్తిగా వస్తుందని మాటివ్వలేను, నర్సింగ్ రెండు చేతుల పని కాబట్టి వేరే కోర్సు ఆలోచించుకో అన్నాడు. ఎలియాజర్ ఇంటికొచ్చి ఫ్రిజ్ మీది కాగితం చూసి, "డాక్టరు కంటే నీ లెక్కే బాగుందక్కా," అన్నాడు.

ఈలోగా ఫెలోషిప్‌లో మాటలు మొదలయ్యాయి. పగిలిన తలుపుకి టేపేసి పిల్లల చేత మోయించిందట, చేతులు పోగొట్టే బిర్యానీ మనకెందుకు అని ఎవరో అన్నారు. రెండు బర్త్‌డే ఆర్డర్లు వేరేవాళ్ళకు పోయాయి. ఆంటీ ఆదివారాలు వెనక వరసలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎలియాజర్‌తో కలిసి చదివేవాళ్ళు, "లాయర్ దగ్గరికి పోరా, ఈ దేశంలో ఇది పెద్ద కేసు," అన్నారు. విశ్వాసి మీద విశ్వాసి కోర్టుకెక్కడం తగదని పాస్టరుగారు ఆ నెలలోనే ప్రసంగంలో చెప్పారు. ఎవరి పేరూ ఎత్తలేదు గానీ అందరూ ఎలియాజర్ చేతి వైపు చూశారు.

మా దగ్గర సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. కష్టంలోంచి వచ్చినవాళ్ళు పండగనాడు ముందుకెళ్ళి జరిగింది చెప్పాలి. మొదట తేదీ చెప్పాలి. తర్వాత కష్టం ఎంత పెద్దదో, డాక్టరు ఏమన్నాడో, మనుషులు ఏమన్నారో దాచకుండా చెప్పాలి. కష్టాన్ని తగ్గించి చెబితే దేవుడు చేసిన మేలును తగ్గించినట్టే. "తేదీ లేకపోతే అది సాక్ష్యం కాదురా, కబుర్లు," అని అమృతం ఆంటీయే పిల్లలకు నేర్పేది.

2015 ఏప్రిల్ ఐదు, ఈస్టర్ ఆదివారం. ఎలియాజర్ ఎవరూ పిలవకుండానే లేచి మైకు దగ్గరికి వెళ్ళాడు. నేను రెండో వరసలో, నాలుగు నెలల హెలెనాను ఒళ్ళో పెట్టుకుని, ఫోన్‌తో రికార్డు చేశాను. ఫెలోషిప్ వీడియోలు ఇంటర్నెట్‌లో పెట్టే పని నాది.

"అందరికీ వందనాలు. డిసెంబర్ ఇరవయ్యో తారీఖు శనివారం, అమృతం ఆంటీ వంటశాలలో నా చేతికి గాయమైంది. ఆ తలుపు రెండు వారాల ముందే పగిలింది. ఆంటీకి తెలుసు, మాకూ తెలుసు. టేపు వేశారు. మార్చిలో డాక్టరు ఈ చెయ్యి ఇక పూర్తిగా రాదన్నాడు. నర్సింగ్ మానుకోమన్నాడు. లాయరు దగ్గరికి పోతే గెలుస్తావని ఫ్రెండ్స్ చెప్పారు. నేను పోను. ఆంటీ నాకు అన్నం పెట్టింది. నేను ఆంటీని మనస్ఫూర్తిగా క్షమించాను. ఈ విషయం ఇక ఎవరూ మాట్లాడొద్దని మనవి."

హాలంతా స్తోత్రం అన్నారు. ఆంటీ వెనక వరసలోంచి ఏడుస్తూ వచ్చి అతని తల పట్టుకుని ముద్దుపెట్టుకుంది. మర్నాడు వీడియో ఇంటర్నెట్‌లో పెట్టాను. బర్త్‌డే ఆర్డర్లు తిరిగొచ్చాయి.

మే నెలలో చుక్క పదకొండు సెంటీమీటర్ల దగ్గరికి వచ్చింది. జూన్‌లో పదమూడు. జులైలో కూడా పదమూడే. ఆగస్టులో తట్టీ తట్టీ అతని చర్మం ఎర్రబడింది. పదమూడు దాటలేదు. నీలం పుస్తకంలో హెలెనా గీత పైకి పోతూనే ఉంది. అతని గీత అడ్డంగా పోయింది. జనవరి ఆఖరు వచ్చింది. ఫ్రిజ్ మీది కాగితం నేను తీయలేదు, అతనూ తీయలేదు. డేనీ ఒకరోజు ఫ్రిజ్ తుడుస్తూ తీసేశాడు. 2016 జులైలో పెద్ద స్పెషలిస్టు చూసి, ఇక రాదు, వేరే కండరం స్నాయువును తెచ్చి వేళ్ళకు కలిపే ఆపరేషన్ చేస్తే పట్టు కొంత వస్తుందని లెటర్ రాశాడు. విద్యార్థి ఇన్సూరెన్సు దానిలో కొంతే భరిస్తుంది. మిగిలింది అతని తాహతుకు మించినది.

అయినా నర్సింగ్ వదల్లేదు. ఒక సెమిస్టర్ సెలవు, ఒక సెమిస్టర్ చదువు. పుస్తకాల్లో అన్నీ పాసయ్యేవాడు. ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్‌లో పోయేది. మందు సీసా ఎడమచేత్తో పట్టుకుని కుడిచేత్తో సిరంజి లాగుతుంటే జారిపోయేది. గదిలో తలుపేసుకుని నీళ్ళ సీసాలతో సాధన చేసేవాడు. టక్కున కింద పడ్డ చప్పుడు. మళ్ళీ ఇంకొకటి. హెలెనాకు మాటలొచ్చాక ఆ చప్పుడు వినగానే "అంకుల్ డ్రాప్డ్ ఇట్" అనేది.

2018 మార్చిలో యూని నుంచి ఉత్తరం వచ్చింది. ప్రాక్టికల్స్‌లో మూడోసారి తప్పాడు. చేతికి ఆపరేషన్ చేయించుకుని, పనిచేయగలడని సర్టిఫికెట్ తెస్తే ఇంకొక్క అవకాశం ఇస్తారు. లేకపోతే కోర్సు రద్దు. ఆ రోజు మొదటిసారి అతనే అన్నాడు:

"లాయర్‌ని కలుద్దామా అక్కా?"

"ఈ వారమే వెళ్దాం," అన్నాను.

"ఈస్టర్ అయిపోనీ అక్కా. పండగ ముందు ఆంటీకి లాయర్ కాగితం పోతే ఏం బాగుంటది? సంవత్సరంలో పెద్ద ఆర్డర్లు కూడా అప్పుడేగా."

ఈస్టర్ ఏప్రిల్ ఒకటిన వచ్చింది. మూడో తారీఖుకి లాయరు టైమిచ్చింది. రెండో తారీఖున హెలెనాకు ఒళ్ళు కాలిపోయే జ్వరం, అరచేతుల్లో పొక్కులు. చైల్డ్‌కేర్‌లో పిల్లలందరికీ వచ్చింది. ఒక్కడే వెళ్ళడానికి ఎలియాజర్ మొహమాటపడ్డాడు. నేను ఫోన్ చేసి టైము మార్పించాను. ఏప్రిల్ ఇరవై మూడుకి దొరికింది.

లాయరు పేరు జాక్లిన్. హారిస్ పార్క్‌లో స్వీట్ షాపు మీద ఆఫీసు. వాళ్ళ అమ్మానాన్న గుంటూరు వాళ్ళు, తను ఇక్కడే పుట్టింది. "నాకు తెలుగు మొత్తం అర్థమవుద్ది అక్కా, మాట్లాడితే మాత్రం నవ్వుతారు. ఇంగ్లీష్ ఓకేనా?" అంది. గాయం జరిగి మూడేళ్ళు దాటిపోయిందని మేం భయపడుతూ చెప్పాం. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇక్కడ మూడేళ్ళు గాయమైన రోజు నుంచి లెక్క కాదట. మూడు విషయాలు మనిషికి తెలిసిన రోజు నుంచట. దెబ్బ తగిలిందని, అది ఎదుటివాళ్ళ తప్పు వల్లనని, కేసు వేయదగినంత పెద్దదని. ఈ మూడోది ఎలియాజర్‌కు స్పెషలిస్టు లెటర్ వచ్చినప్పుడే తెలిసింది కదా, అంటే 2016 జులై. గడువు 2019 జులైదాకా ఉన్నట్టే వాదించవచ్చు.

"మీకు అంతకు ముందు తెలియదు కదా? షూర్?" అంది.

"మా అక్క లెక్క ప్రకారం వచ్చేస్తదనుకున్నా," అన్నాడు ఎలియాజర్. ముగ్గురం నవ్వాం. కిందనుంచి నెయ్యి కాగుతున్న వాసన వస్తోంది. దిగి అరకిలో మైసూర్‌పాక్ కొన్నాడు. ఎడంచేత్తో హెలెనాకు ఒక ముక్క తినిపిస్తూ, "నెక్స్ట్ ఇయర్ నీకు సూది నేనే వేస్తా," అన్నాడు. పాప పారిపోయింది. అతను అంత సంతోషంగా ఉండటం మళ్ళీ చూడలేదు.

మే నెలలో కేసు వేశారు. అక్టోబరులో జాక్లిన్ రమ్మంది. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి ఉంది. ఆంటీ వంటశాల ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు లాయర్లు పంపిన కాగితాలు పక్కన ఉన్నాయి. మేం కూర్చోగానే ఆమె వీడియో నొక్కింది.

వందనాలు. డిసెంబర్ ఇరవయ్యో తారీఖు శనివారం.

వాళ్ళు దాన్ని అధికారిక అనువాదకుడి చేత ఇంగ్లీషులోకి మార్పించి, వాక్యాలకు నంబర్లు వేసి పంపారు. జాక్లిన్‌కు అనువాదం అక్కర్లేదు. నాలుగో వాక్యం దగ్గరే ఆమె కళ్ళు కిందికి దించుకుంది. దెబ్బ. తలుపు పగిలినట్టు ఆంటీకి తెలుసు. చెయ్యి రాదని డాక్టరు చెప్పాడు. లాయరు దగ్గరికి పోతే గెలుస్తాను. చట్టం అడిగే మూడు విషయాలూ ఎలియాజర్ తేదీతో సహా ఒక్క నిమిషంలో చెప్పేశాడు. అనువాదంలో ఒకచోట, "నేపథ్యంలో పసిపాప గొంతు" అని ఉంది. అది హెలెనా. నేను విన్నాను. నా ఒళ్ళో ఆడుకుంటూ ఏదో అంటోంది.

"ఐదో ఏప్రిల్ రెండువేల పదిహేను," అంది జాక్లిన్. "మూడూ మీకు తెలుసని రికార్డైన తేదీ ఇదే. అంటే గడువు ఈ ఏడాది ఏప్రిల్ ఐదుతో అయిపోయింది. మీరు నా దగ్గరికి వచ్చింది ఇరవై మూడున."

"పద్దెనిమిది రోజులేగా," అన్నాడు ఎలియాజర్. "జడ్జిగారిని అడగలేమా?"

ఇలాంటి కేసులో గడువు పెంచే అధికారం ఈ రాష్ట్రంలో జడ్జికి లేదంది. పద్దెనిమిది రోజులైనా పద్దెనిమిదేళ్ళైనా ఒకటే.

"మూడో తారీఖున వచ్చి ఉంటే?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. ఆమె, "ఒక్క మధ్యాహ్నంలో ఫైల్ చేసిన కేసులు ఉన్నాయి అక్కా," అంది.

ఎలియాజర్ నా వైపు తిరిగి, "పాపకి జ్వరమొస్తే ఏం చేస్తావక్కా, ఊరుకో," అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా దారి లేకుండా పోయింది.

ఒక్క మార్గం ఉందని జాక్లిన్ చెప్పింది. చాలా మెల్లగా, ఇంగ్లీషూ తెలుగూ కలిపి చెప్పింది. సాక్ష్యాల్లో జనం పెద్దది చేసి చెబుతారు, అది ఒక అలవాటు, ఆ రోజు చెప్పినవి నిజంగా తెలిసి చెప్పినవి కావు అని అతను ప్రమాణం చేసి రాసివ్వాలి. అవతలివాళ్ళు ప్రశ్నలు వేస్తారు. నిలుస్తుందని ఆమె మాటివ్వలేదు. "మీరు మాత్రమే చెప్పగలరు, ఇట్ హాజ్ టు బి ట్రూ," అంది. అతను వారం టైమడిగాడు.

ఆ శనివారం అతను అమృతం ఆంటీ దగ్గరికి బయల్దేరాడు. నన్నూ రమ్మన్నాడు. ఆంటీ ఉల్లిపాయలు తరుగుతోంది. తలుపుకి కొత్త అద్దం ఉంది. మూడున్నరేళ్ళ నుంచీ ఉంది. మమ్మల్ని చూసి కత్తి కింద పెట్టింది.

"ఏరా, నామీద కేసేశావంట? ఒక్క మాట చెప్పలేదేంట్రా?"

"మొహం చెల్లక ఆంటీ."

"మొహమేంటి నీ మొహం. నాదగ్గర్నుంచి ఏం పోద్దిరా? ఏటేటా ఇన్సూరెన్స్ కడతన్నాను కదా, దానికేగా అది. అప్పట్లోనే వాళ్ళకి చెబ్దామనుకున్నాను. నువ్వేమో చర్చిలో అంతమంది ముందు వద్దన్నావ్. బాబుకి మనసు లేదేమో, మనం కదపడమెందుకులే అనుకున్నాను." ఆవిడ కళ్ళు ఉల్లిపాయల వల్లో దేనివల్లో కారుతున్నాయి. "అప్పుడే అడిగుంటే వాళ్ళే ఇచ్చేవోళ్ళు కదరా పిచ్చోడా."

ఆంటీ లేచి ప్లేట్లో అన్నం పెట్టి, ముద్దకూర వేసి, ఎలియాజర్ ముందు జరిపింది. అతను ఎడంచేత్తో స్పూన్ తీసుకున్నాడు. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. అది మింగాడో లేదో నాకు తెలియదు.

ఇంటి దగ్గర కారు దిగుతూ అన్నాడు: "నేను రాసివ్వనక్కా. ఆ రోజు చెప్పింది నిజమేగా. డాక్టరు చెప్పాడు, నేను విన్నా. వినలేదని ప్రమాణం చేసి కోర్టులో ఎట్టా చెప్తా?"

కోపమొచ్చింది నాకు. "చెయ్యి కావాలా, మాట కావాలా నీకు?" అన్నాను.

"చెయ్యి పోయిందిగా. ఉన్నదాన్ని కూడా ఇచ్చేయమంటావా?"

నవంబరులో కేసు వెనక్కి తీసుకున్నారు. యూని వాళ్ళు అడిగిన సర్టిఫికెట్ లేదు కాబట్టి కోర్సు రద్దయింది. అప్పుడే ఆ వీడియో తీసేద్దామని కూర్చున్నాను. ముందొకసారి చూశాను. మూడు నిమిషాల పది సెకన్లు. తీసేసే బటన్ మీద వేలు పెట్టి, ఇప్పుడు తీస్తే ఎవరికి ప్రయోజనమని ఆగిపోయాను. అది ఇంకా అక్కడే ఉంది. రెండు వందల మంది చూశారు. కింద ఎవరెవరో చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

వీసా నిలవడానికి మెల్‌బోర్న్ దగ్గర వెర్రిబీలో ఒక కాలేజీలో మేనేజ్‌మెంట్ డిప్లొమాకు చేరాడు. అక్కడ కూరగాయల గోడౌన్‌లో ఒంటిచేత్తో చేసే పని దొరికింది. కాయలు సైజుల వారీగా వేరు చేయడం. 2019 జనవరిలో ఒక మధ్యాహ్నం గది ఖాళీ చేశాడు. వెళ్ళే ముందు మంచం మీద దుప్పటి పరిచి వెళ్ళాడు. ఎడమ వైపు మూలలు బిగుతుగా ఉన్నాయి. కుడి వైపువి వదులుగా ఉన్నాయి. నేను వాటిని సరిచేయలేదు.

క్వేకర్స్ హిల్ స్టేషన్‌కి నేనూ హెలెనా తోడు వెళ్ళాం. ప్లాట్‌ఫారం మీద ఎండ కాల్చేస్తోంది. పెట్టె అతని ఎడంచేతిలో ఉంది. రైలుకి ఇంకా ఏడు నిమిషాలుంది.

"ఆంటీ ఫోన్ చేసింది," అన్నాడు. "మెల్‌బోర్న్‌లో చలేస్తదంట, దుప్పటి పంపిస్తదంట."

"తీసుకో."

"ఆ వీడియోలో ఒకటే అబద్ధముందక్కా." పట్టాల వైపు చూస్తూ చెప్పాడు. "మిగతావన్నీ నిజమే. ఆంటీని క్షమించానన్నా చూడు, అదొక్కటి కాదు. అప్పుడు క్షమించాననే అనుకున్నా. ఆ ఉల్లిపాయలు తరుగుతున్న రోజు తెలిసింది నాకు. వాళ్ళు అన్ని వాక్యాలకీ నంబర్లేశారే, దాని గురించి మాత్రం ఎవరూ అడగలా."

నిజం కాదులే అనలేను. నన్ను క్షమించావా అని అడగడానికి ధైర్యం చాలలేదు. ఫ్రిజ్ మీద తేదీ రాసింది నేను. వీడియో పెట్టింది నేను. టైము మార్పించింది నేను.

రైలొచ్చింది. అతను పెట్టె ఎత్తుకుని, "ఉంటానక్కా," అని తలుపు వైపు నడిచాడు. అప్పుడు చూశాను. హెలెనా ఎప్పుడు పట్టుకుందో, అతని కుడిచేతి చిటికెన వేలు గుప్పిట్లో పట్టుకుని పక్కనే నడుస్తోంది. పాప అంచుకు రెండడుగుల దూరంలో ఉంది. అతను ఆగలేదు, వెనక్కి చూడలేదు. నేను పరుగెత్తి పాప నడుం పట్టి లాగాను. చిన్న గుప్పిట విడిపోయింది. అతను బోగీలో కాలు పెట్టి, నా కేక విని తిరిగాడు.

"ఏందక్కా? ఏమైంది?"

"నీ వేలు పట్టుకుంది."

అతను కుడిచెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని ఆ వేలును చూశాడు. తలుపులు మూసుకున్నాయి.